పాల్ థార్న్ ‘డోంట్ లెట్ ద డెవిల్ రైడ్’ ఆల్బమ్: స్ట్రీమింగ్‌లో విని వదిలేయకండి, కొనుక్కోండి

సోల్ మ్యూజిక్ అంటే పాతకాలం రికార్డుల దగ్గరే ఆగిపోయినవాళ్ళకీ, అమెరికానా (కంట్రీ, ఫోక్, బ్లూస్ కలగలిసిన అమెరికన్ సంగీతం) అంటే గిటార్ పట్టుకుని నీరసంగా పాడే పాటలే అనుకునేవాళ్ళకీ నేను ముందు వినిపించే ఆల్బమ్ ఇదే. 2018 మార్చిలో వచ్చింది, పాడింది పాల్ థార్న్, మిసిసిపీ రాష్ట్రంలో టుపెలో అనే ఊళ్ళో పెరిగిన మనిషి. వచ్చి చాలా ఏళ్ళైనా మనవాళ్ళలో దీని గురించి మాట్లాడినవాళ్ళు నాకు కనపడలేదు, అందుకే రాస్తున్నా.

ఆల్బమ్ గురించి చెప్పేముందు ఆ మనిషి గురించి చెప్పాలి, లేకపోతే ఇందులో గొప్పేంటో తెలీదు. టుపెలో అంటే ఎల్విస్ ప్రెస్లీ పుట్టిన ఊరు. థార్న్ వాళ్ళ నాన్న పెంతెకోస్తు పాస్టర్, పిల్లాడికి మూడేళ్ళప్పుడే చేతికి టాంబరిన్ ఇచ్చి స్టేజి ఎక్కించేశారు. తెల్లవాళ్ళ చర్చిల్లో వాయించాడు, నల్లవాళ్ళ చర్చిల్లోనూ వాయించాడు, అదే దేవుడి పాట ఒకచోట కంట్రీ వాసనతో వస్తే ఇంకోచోట రిథమ్ అండ్ బ్లూస్ లాగా ఊగిపోతూ వచ్చేదట, ఈయనకి రెండోది ఒంటికి పట్టేసింది. ఇంకోవైపు నాన్న తోడబుట్టినాయన ఒకప్పుడు వ్యభిచార గృహాల లోకంలో బతికి బయటికొచ్చినవాడు, బాక్సింగ్ నేర్పింది ఆయనే. ఈ ఇద్దరి మీదా 2010లో ‘పింప్స్ అండ్ ప్రీచర్స్’ అని ఏకంగా ఒక ఆల్బమే చేశాడు.

బాక్సింగ్ అంటే ఏదో సరదాకి చేసింది కాదు. 1988లో అట్లాంటిక్ సిటీలో రాబర్టో డురాన్‌తో తలపడ్డాడు, అవును ఆ డురానే, పనామా డురాన్, ఆ మరుసటి ఏడే మిడిల్‌వెయిట్ వరల్డ్ టైటిల్ కొట్టినవాడు. ఆరు రౌండ్లు నిలబడ్డాడు, ఓడిపోయాడు, తర్వాత దాన్నీ పాట చేసుకున్నాడు. పగలు ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పని, అలా పన్నెండేళ్ళు, ఖాళీ దొరికితే ఊళ్ళో పిజ్జా షాపులో పాటలు, అక్కడ పాడుతుంటేనే ‘ద పోలీస్’ అనే రాక్ బ్యాండ్‌ని నడిపించిన మేనేజర్ మైల్స్ కోప్‌లాండ్ కంట పడ్డాడు, 1997లో ఏ అండ్ ఎమ్ అనే పెద్ద కంపెనీ నుంచి మొదటి ఆల్బమ్ వచ్చింది, ఆ బ్యాండ్‌లో పాడిన స్టింగ్ కచేరీలకి ముందు పాడే ఛాన్సు కూడా దొరికింది. పెద్ద లేబుల్‌తో బంధం ఎక్కువకాలం సాగలేదు. తర్వాత పర్పెచువల్ అబ్‌స్క్యూరిటీ అని సొంత లేబుల్ పెట్టుకుని తన పాటలు తనే రిలీజ్ చేసుకుంటున్నాడు, ఈ ఆల్బమ్ కూడా అందులోదే.

ఇప్పుడు అసలు సంగతి. ఇందులో ఆయన రాసిన పాటలు కావు, దాదాపు అన్నీ నల్లవాళ్ళ చర్చిల్లో పుట్టి పెరిగిన గాస్పెల్ పాటలు, అంటే క్రైస్తవ భక్తి పాటలు. రికార్డింగ్ మూడు చోట్ల జరిగింది: మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ స్టూడియో, అలబామాలో మజిల్ షోల్స్‌లోని ఫేమ్ స్టూడియో, న్యూ ఆర్లీన్స్‌లో ప్రిజర్వేషన్ హాల్ అనే జాజ్ వేదిక. ఫేమ్ అంటే 1967లో సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ దశ తిప్పిన పాట పుట్టిన గది. తోడు పాడినవాళ్ళు బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా, 1930ల చివర్లో టాలడీగాలోని అంధుల స్కూల్లో మొదలైన బృందం, ఇంకా నాష్‌విల్ నుంచి మెక్‌క్రేరీ సిస్టర్స్, బూరలు ప్రిజర్వేషన్ హాల్ వాళ్ళవి.

ఇంతమంది పెద్దోళ్ళని పిలిచినప్పుడు మామూలుగా ఏమవుతుందంటే మెయిన్ సింగర్ వాళ్ళ మీదకెక్కి పాడేస్తాడు, లేదంటే వాళ్ళ వెనక దాక్కుంటాడు. ఇక్కడ ఆ రెండూ లేవు. టైటిల్ సాంగ్ వినండి, సాతానుని బండెక్కించుకోకు, ఎక్కించుకుంటే ఇంక నడపడం కూడా నేనే అంటాడు అనే ఐడియా, ఇది పాత గాస్పెల్ పాటే. థార్న్ గొంతు గరుకుగా, కొంచెం బొంగురుగా ఉంటుంది, గట్టిగా అరిచే ఛాన్సున్న చోట కూడా అరవడు, ఎదురుగా కూర్చున్నవాడికి బుద్ధి చెప్తున్నట్టు పాడతాడు, లైను ముగించి ఆగుతాడు, ఆ ఖాళీలోకి కోరస్ వచ్చి పడుతుంది. ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియడం ఈ సంగీతంలో సగం పని, అది స్టూడియోలో నేర్చుకునేది కాదు, చిన్నప్పట్నుంచి పాస్టర్ పక్కన నిలబడి జనం ఎప్పుడు అందుకుంటారో కనిపెట్టినవాడికి వచ్చేది. మనదగ్గర పెంతెకోస్తు ఆరాధనల్లో చప్పట్లతో, టాంబరిన్‌తో పాట ఒక్కో చరణానికీ వేడెక్కడం చూసినవాళ్ళకి ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది.

ఇంకోటి ‘లవ్ ట్రెయిన్’. 1973లో ఓజేస్ గ్రూప్‌కి అమెరికాలో నంబర్ వన్ అయిన డాన్స్ పాట, దాన్ని ఈయన స్పీడు తగ్గించి ప్రార్థన లాగా పాడాడు. స్పీడు తగ్గేసరికి అందులో మాటలు, అదే దేశాలన్నీ చేతులు పట్టుకోండి అనేది, మొదటిసారి సరిగ్గా చెవిన పడ్డట్టు అనిపించింది నాకు. కొంతమందికి ఇది నచ్చదు, ఒరిజినల్‌లో ఉన్న హుషారు పోయిందంటారు, నేనైతే ఒప్పుకోను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మధ్యలో కొన్ని పాటలు ఒకే నడకలో పోతాయి, ఒకటి అయిపోయి ఇంకోటి మొదలైన సంగతి తెలీదు. అంతకంటే పెద్ద లోటు ఈయన సొంత రాత లేకపోవడం, ఎందుకంటే థార్న్‌లో గాయకుడి కన్నా కథ చెప్పేవాడు ఒక మెట్టు పైనుంటాడని నా అభిప్రాయం, ఫ్యాక్టరీ, చర్చి, చెడిపోయిన చుట్టాలు, ఇవన్నీ ఆయన పాటల్లో ఎంత ప్రేమగా కనిపిస్తాయో. అందుకని రైటర్‌గా ఆయన్ని తెలుసుకోవాలంటే ‘పింప్స్ అండ్ ప్రీచర్స్’తో మొదలుపెట్టండి, గొంతు కోసం, బ్యాండ్ కోసం అయితే దీనితో. భక్తి పాటలు అస్సలు పడనివాళ్ళు దీని జోలికి రావద్దు, ఎందుకంటే మొదటి నుంచి చివరి దాకా అదే.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి ప్లీజ్, బేస్ పోతుంది, బూరలు చెవిలో గుచ్చుకుంటాయి, మామూలు హెడ్‌ఫోన్స్ అయినా చాలు. నచ్చితే సీడీ గానీ డౌన్‌లోడ్ గానీ కొనండి, వెనక పెద్ద కంపెనీ లేని మనిషికి స్ట్రీమింగ్ చిల్లరతో ఏమొస్తుంది చెప్పండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు, ముఖ్యంగా మెంఫిస్, నాష్‌విల్, అట్లాంటా వైపు ఉన్నవాళ్ళు, ఆయన టూర్ డేట్స్ మీద ఒక కన్నేసి ఉంచండి, పాటకీ పాటకీ మధ్య ఆయన చెప్పే కథల కోసమైనా టికెట్ కొనొచ్చు.