బరంపురం నుంచి తారాతారిణి మెట్ల దాకా: వెల్‌నెస్ కోచ్‌తో ఏడాదిన్నర

"కోచ్‌కి నెలనెలా డబ్బు కట్టడం ఎందుకు? యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా?" మా బరంపురంలో తెలిసినవాళ్లు ఎవరు కలిసినా నన్ను అడిగే మాట ఇది. ఒకే వెల్‌నెస్ కోచ్‌తో, అంటే తిండి, వ్యాయామం అలవాట్లు మార్చుకోవడానికి తోడుండే మనిషితో, ఏడాదిన్నర పైగా పనిచేశాక నా జవాబు చెబుతాను: నాకు పనికొచ్చింది, డబ్బు వృథా కాలేదు. అలాగని అందరూ చేరాలని అనను. ఆ పేరు పెట్టుకున్న ప్రతివాళ్ల దగ్గరా చేరమని అసలే అనను. నేను చేరేముందు ఒరిస్సాలో ఉండే తెలుగువాళ్ల అనుభవం ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికాను, దొరకలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాకు నలభై ఎనిమిదేళ్లు. స్కూల్ టీచర్‌ని. నాన్నగారికి షుగర్ ఉండేది. కోచ్ దగ్గర చేరకముందు పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. అది గత రెండు మూడు నెలల షుగర్ సగటు ఎలా ఉందో చెప్పే పరీక్ష. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గుమ్మం దగ్గర ఉన్నట్టు, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే వచ్చినట్టు. డాక్టరుగారు ఇప్పుడే మందులు వద్దు, బరువు తగ్గండి, నడవండి, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం అన్నారు. ఆ సలహాలో తప్పేమీ లేదు. ఉదయం ఏడు గంటలకు ఇల్లు కదిలి, సాయంత్రం వచ్చి, వంట చేసి, పేపర్లు దిద్దుకునే మనిషి ఎప్పుడు నడవాలి, ఏం తినాలి అన్నది చెప్పడానికి మాత్రం ఆయనకు టైము లేదు. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు.

ఈ వెల్‌నెస్ కోచ్ అనే పేరు గురించి ముందు ఒక హెచ్చరిక. మన దేశంలో ఎవరైనా ఆ బోర్డు పెట్టుకోవచ్చు. అమెరికాలో హెల్త్ కోచ్‌ల కోసం 2017 నుంచి జాతీయ స్థాయి పరీక్ష ఒకటి జరుగుతోంది. ఇక్కడ డాక్టర్లు, నర్సులు కాని ఆరోగ్య నిపుణుల కోసం 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో డైటీషియన్లు ఉన్నారు గానీ, వెల్‌నెస్ కోచ్ అన్న మాటకు అలాంటి కట్టుబాటు ఏదీ లేదు. అందుకే పౌడరు డబ్బాలు అమ్మేవాళ్లు కూడా కోచ్‌లమనే చెప్పుకుంటారు. నాకు బాగా తెలిసిన ఒకావిడ అలాంటి చోట చేరింది. బరువు తగ్గినా, పెరిగినా, నీరసం వచ్చినా చివరికి ఆవిడకు చెప్పే పరిష్కారం ఇంకో డబ్బా కొనడమే. పైగా ఇంకో ఇద్దరిని చేర్పించమని ఒత్తిడి. నాకు అది చాలా కోపం తెప్పించింది. షుగర్ భయంతో వచ్చిన మనిషికి సరుకు అంటగట్టడం మోసం. అందుకే నేను వెతికేటప్పుడు మొదట అడిగిన ప్రశ్న, "మీరు ఏమైనా అమ్ముతారా?"

నాకు దొరికిన కోచ్‌ది విజయనగరం. న్యూట్రిషన్‌లో పీజీ చేసింది, తర్వాత కోచింగ్ కోర్సు చేసింది. వయసులో నాకంటే చాలా చిన్నది. మొదట "మేడం" అనేది, నెల తిరిగేసరికి "అక్కా" అనడం మొదలుపెట్టింది. మొదటి మూడు నెలలు వారానికోసారి వీడియో కాల్, తర్వాత పదిహేను రోజులకోసారి, మధ్యలో వాట్సాప్. ఫీజు నెలకు రెండు వేల పైచిలుకు.

మొదటి కాల్‌లో డైట్ చార్ట్ ఇస్తుందని పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఇవ్వలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నా రోజు ఎలా గడుస్తుందో చెప్పమంది. బరువు సంగతి చివర్లో వచ్చింది. పది కిలోలు తగ్గాలన్నాను.

"తగ్గాక ఏం చేయాలని ఉంది అక్కా?" అంది.

"తారాతారిణి మెట్లు ఎక్కాలమ్మా. రోప్‌వే ఎక్కకుండా, చైత్రంలో."

మా ప్రాంతం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. తారాతారిణి అమ్మవారి గుడి పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య నది ఒడ్డున కొండ మీద ఉంటుంది. 999 మెట్లు. చైత్రమాసంలో మంగళవారాలు జాతర. పిల్లల పుట్టువెంట్రుకలు అక్కడే తీయిస్తారు, మా అమ్మాయివీ అక్కడే తీయించాం. అప్పుడు పిల్లను ఎత్తుకునే ఎక్కాను. కొన్నేళ్లుగా మాత్రం సగం కూడా ఎక్కలేకపోతున్నాను.

"ఎక్కగలరని ఎంత నమ్మకం? సున్నా నుంచి పదిలోపు చెప్పండి."

"నాలుగు."

"రెండు ఎందుకు చెప్పలేదు?"

ఆ ప్రశ్న నన్ను ఆలోచనలో పడేసింది. స్కూల్లో రెండో అంతస్తుకి రోజూ ఎక్కుతున్నాను, మోకాళ్లు ఇంకా బాగానే ఉన్నాయి, ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు అంటూ కారణాలు నా నోటితోనే చెప్పాను. ఇది ఆ అమ్మాయి సొంత చమత్కారం కాదు, ఒక పద్ధతి. 1980లలో విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు మద్యం అలవాటున్నవాళ్లతో పనిచేస్తూ మొదలుపెట్టిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ నుంచి వచ్చింది. మారమని పక్కవాళ్లు ఎంత గట్టిగా చెబితే మనిషి అంత గట్టిగా ఎదురు చెబుతాడు కాబట్టి, మారడానికి కారణాలు అతని చేతే చెప్పించాలన్నది అందులో అసలు సంగతి. నేను టీచర్‌ని. ఇది క్లాసులో కూడా నిజమే.

తిండి దగ్గరే ఎక్కువ కుస్తీ జరిగింది. బరంపురంలో తెలుగు ఇల్లు అంటే రెండు వంటిళ్ల తిండి. పొద్దున ఇడ్లీ ఉంటుంది, పూరీ, గారెలాంటి బరా, బఠాణీ కూర ఘుగునీ కూడా ఉంటాయి. మధ్యాహ్నం పప్పు, పులుసు ఉంటాయి, కూరగాయలు వేసి వండే పప్పు దాల్మా కూడా ఉంటుంది. ఎండాకాలం వస్తే పఖాళ, అంటే నీళ్లలో నానబెట్టిన చద్దన్నం. కోచ్ వాడే యాప్‌లో వీటిలో సగం లేవు. ఓట్సు, బ్రౌన్ బ్రెడ్ ఉన్నాయి. రెండు వారాలు చూసి, యాప్ మానేస్తానని చెప్పాను. సరే, నోటు పుస్తకంలో రాసుకోండి అంది. అలా ఒప్పుకోవడం నాకు నచ్చింది.

ఆ పుస్తకం చూశాక తను పట్టుకున్నది ఒకటే: ప్రొటీన్ తక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అప్పుడు నా బరువు 68 కిలోలు, అంటే 56 గ్రాములు. నేను తినేది అందులో ముప్పాతిక కూడా లేదు. నేను చోడి అంబలి, అంటే రాగి జావ, తాగుతున్నానుగా అన్నాను. ఇక్కడ మాండియా అంటారు, 2017లో ఇక్కడి ప్రభుత్వం చిరుధాన్యాల కోసం మిల్లెట్ మిషన్ మొదలుపెట్టాక దానికి మళ్లీ మర్యాద వచ్చింది. చోడిలో కాల్షియం చాలా ఎక్కువని, వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైన ఉంటుందని, ప్రొటీన్ మాత్రం బియ్యం కంటే ఎక్కువేమీ కాదని చెప్పింది. చిరుధాన్యం అయితే చాలు అనుకునేవాళ్లందరూ ఇది గమనించాలి.

మార్పులు మా వంటింట్లోంచే వచ్చాయి. పూరీ తగ్గింది, ఘుగునీ ఉండిపోయింది, ఎందుకంటే అది బఠాణీ. పొద్దున ఒకటో రెండో గుడ్లు వచ్చాయి. పప్పు పలచగా కాకుండా గట్టిగా, కప్పు నిండా. సాయంత్రం స్కూల్ నుంచి వచ్చాక మిక్చర్ బదులు శెనగలు, లేదా ఛతువా అనే వేయించిన గింజల పిండి మజ్జిగలో కలుపుకుని తాగడం. కార్తీకంలో గుడ్డు, చేప ముట్టను కాబట్టి ఆ నెలకు పెసలు, పెరుగు, ఛెనాతో (పాలు విరగ్గొట్టి చేసేది) వేరే పట్టీ రాసుకున్నాం. పఖాళ విషయంలో మాత్రం గట్టిగా వాదన జరిగింది. తను మానేయమంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఉక్కలో పఖాళ లేకుండా మా ఇంట్లో ఎవరికీ ప్రాణం నిలవదని చెప్పాను. "మా అమ్మమ్మ కూడా చద్దన్నం మానేయమంటే ఇలాగే అనేది" అని తనే తగ్గింది. అన్నం సగం, పెరుగు ఎక్కువ, ఆకుకూర వేపుడు, చేప ముక్క, ఉప్పు చెంచాతో కొలిచి. ఈ ఒప్పందం రెండు ఎండాకాలాలు నిలబడింది. పూర్తిగా మానేయమని ఉంటే నేను కోచ్‌నే మానేసేదాన్ని.

ఇక వ్యాయామం. రోజుకు పదివేల అడుగులన్న లెక్క 1965లో జపాన్‌లో ఒక కంపెనీ తన అడుగుల మీటరు అమ్ముకోవడానికి వాడిన అంకె అని తను చెప్పేదాకా నాకు తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకలాంటిది, దాంతోపాటు వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. తెల్లవారుజామున రామలింగం చెరువు పార్కులో నడక పెట్టుకున్నాను. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ వేగానికి కొలత. రాత్రి భోజనం అయ్యాక డాబా మీద పావుగంట నడక. తిన్న వెంటనే నడిస్తే రక్తంలో షుగర్ అంతగా ఎగరదని దానికి కారణం చెప్పింది. కారణం తెలిసిన పని మానాలనిపించదు.

బలం కోసం చేసినవన్నీ ఇంట్లోవే. చేతులు పట్టుకోకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు పుషప్‌లు, రబ్బరు బ్యాండు. ముఖ్యంగా మెట్లు దిగే అభ్యాసం. కొండ ఎక్కడానికి ఊపిరి కావాలి, దిగడానికి తొడ కండరాలు కావాలి. దిగేటప్పుడు ఆ కండరం సాగుతూనే బరువు మోయాలి, అది అలవాటు లేకపోతే కాళ్లు వణుకుతాయి, మోకాలి మీద భారం పడుతుంది. అందుకని డాబా మెట్లు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ నెమ్మదిగా దిగమనేది. జిమ్‌లో చేరినా ఇది నాకు ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే నా లక్ష్యం కొండ అని వాళ్లు అడిగేవాళ్లే కాదు.

మధ్యలో మూడు నాలుగు నెలలు బరువు కాటా కదల్లేదు. నాకు బాగా టెన్షన్ వచ్చింది, మానేద్దామనుకున్నాను. అప్పుడు తను కాటా పక్కన పెట్టించి టేపు పట్టించింది. మన దేశపు ఆడవాళ్లకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నాది ఇంకా దానికి పైనే ఉంది గానీ నెలనెలా తగ్గుతోంది. ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలనో లెక్క పెడితే అది పెరుగుతోంది. కోచ్ విలువ నాకు ఎక్కువగా తెలిసింది ఆ నెలల్లోనే. ఒక్కదాన్నే అయితే అక్కడే ఆగిపోయేదాన్ని.

నచ్చనివీ ఉన్నాయి. మొదట్లో ప్రతి పూటా కంచం ఫోటో పంపమనేది. అన్నం ముందు ఫోన్ పట్టుకోవడం నాకు అస్సలు నచ్చలేదు, చెప్పి మానిపించాను. తను పెళ్లికి సెలవు పెట్టినప్పుడు పంపిన ఇంకో కోచ్‌కి తెలుగు రాదు, ఒడియా రాదు, హిందీలోనే మాట్లాడింది. రాసి పెట్టుకున్నవి చదివినట్టుండేది. ఆ నెల డబ్బు దండగ. ఏడాది దాటాక కొన్ని కాల్స్‌లో కొత్త విషయం ఏమీ ఉండేది కాదు. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర నెలలో ఊరంతా చుట్టాలు, రాత్రుళ్లు నిద్ర ఉండదు. అప్పుడు ఆ పద్ధతి కొనసాగించడం ఎలాగో దూరాన ఉన్న మనిషికి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను.

ఒక విషయంలో మాత్రం తనకు పూర్తి మార్కులు. ఎడమ మోకాలు నొప్పి పెట్టినప్పుడు వెంటనే మెట్లు ఆపించి ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లమంది. నా రక్తపరీక్ష రిపోర్టు పంపిస్తే "ఇది డాక్టరుగారు చూడాలి అక్కా" అంది. థైరాయిడ్ మాత్ర గురించి అడిగినా అదే మాట. తన హద్దు తెలిసిన కోచ్‌నే నమ్మాలి. మందులు మానిపిస్తానని చెప్పే కోచ్ దగ్గర ఒక్క రోజు కూడా ఉండకూడదు.

మొన్న చైత్రంలో జాతర జనం లేని రోజు చూసుకుని పొద్దున్నే బయలుదేరి మెట్లు ఎక్కాను. నీళ్లకు ఆగాను, కూర్చోలేదు. దిగేటప్పుడు పక్కనున్న మా వారు గోడ పట్టుకున్నారు, నేను పట్టుకోలేదు. అమ్మవారి ముందు నిలబడినప్పుడు ఏం కోరుకోవాలో కూడా తోచలేదు, అంత సంతోషంగా ఉంది. బరువు ఆరు కిలోలే తగ్గింది, పది కాదు. హెచ్‌బీఏ1సీ 5.8కి వచ్చింది. ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాను గానీ డాక్టరుగారు ఇలాగే కొనసాగించమన్నారు.

ఎవరికి పనికొస్తుందంటే, ఏం చేయాలో సగం తెలిసి, రోజువారీ బతుకులో అది ఎలా ఇరికించాలో తోచనివాళ్లకు. ఇప్పటికే షుగర్, గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరును, ఆ తర్వాత అర్హత ఉన్న డైటీషియన్‌ను చూడాలి. క్రమం తప్పకుండా నడిచే అలవాటు, తోడుగా ఒక స్నేహితురాలు ఉన్నవాళ్లకు ఈ ఖర్చు అక్కర్లేదనే నా అభిప్రాయం.

ఇప్పుడు నేను నెలకోసారి మాత్రమే మాట్లాడుతున్నాను, ఫీజు కూడా సగానికి సగం తగ్గింది. ఇచ్ఛాపురంలో ఉండే మా మరదలు చేరతానంటే, ఏడాది ప్యాకేజీ కట్టొద్దు, ఒక నెల కట్టి చూడు అని చెప్పాను. ఆ నెలలో నీ గురించి తను అడిగిన ప్రశ్నలు ఎక్కువా, తను నీకు చెప్పిన జవాబులు ఎక్కువా అన్నది చూసుకుని రెండో నెల కట్టమన్నాను.