పాత టేకు బీరువాకు కొత్త రంగు: కొన్నేళ్ల వాడకం తరువాత నా సమీక్ష

పాత చెక్క సామానుకు రంగు వేయించాలనుకునేవారు సాధారణంగా ఏ కంపెనీ రంగు మంచిదని అడుగుతారు. కాకినాడలోని మా ఇంట్లో ఉన్న రెండు తలుపుల టేకు బీరువాను బాగు చేయించి, రంగు మార్చి, ఆ తరువాత కొన్నేళ్లుగా రోజూ వాడుతున్న నాకు, బీరువాలో ఏ భాగానికి ఏ పూత వేయించాలన్నదే అసలు ప్రశ్న అనిపిస్తోంది. మా బీరువాకు బయటివైపూ, తలుపుల లోపలివైపూ గోధుమ ఛాయ కలిసిన తెలుపు సింథటిక్ ఎనామిల్, లోపలి అరలకు నీటితో పలచన చేసే ఎనామిల్, పై పలకకు లక్క పాలిష్ వేయించాను. సొరుగుల పక్కలకు ఏ పూతా లేదు. ఒకే గదిలో, ఒకే సముద్రపు గాలిలో ఉన్నా ఈ నాలుగూ నాలుగు రకాలుగా పాతబడ్డాయి.

ఇది రంగం టేకు, అంటే బర్మాలోని రంగూన్ నుంచి వచ్చిన టేకు అని మా పెద్దలు చెప్పేవారు. కాకినాడ నుంచి రంగూన్‌కు ఓడలు నడిచిన కాలం ఉంది కనుక ఆ మాట నిజం కావచ్చు. అయితే చూపుతోనే ఇది ఏ అడవి టేకో తేల్చి చెప్పే వడ్రంగిని నేను అంతగా నమ్మను. చట్రమూ తలుపులూ టేకువి, వెనుక పలకలు మాత్రం మామిడి చెక్కవి. పాత బీరువాలు కొనేవారు ముందు తలుపులను తట్టి చూసి మురిసిపోకుండా వెనక్కి వెళ్లి చూడాలి, ఎందుకంటే పుచ్చు మొదట అక్కడే పడుతుంది. సన్నని రంధ్రాలూ, వాటి కింద పిండిలాంటి పొడీ కనిపిస్తే పురుగు ఇంకా బతికే ఉందని అనుమానించాలి. బోరిక్ ఆమ్లం, బొరాక్స్ కలిపిన ద్రావణం ఒట్టి చెక్కలోకే ఇంకుతుంది, రంగు పొర ఉంటే దిగదు. అందుకే మా బీరువా వెనుక పలకలకు పాత రంగు పూర్తిగా తీయించాకే ఆ మందు రాయించాను. ఆ తరువాత పొడి రాలలేదు.

పాత ఆకుపచ్చ ఆయిల్ పెయింటును తీయడమే మొత్తం పనిలో అత్యంత కష్టమైన భాగం. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. అంతకు ముందు పూసిన పొరలను పొడిగా గీకించి ఆ దుమ్మును ఇంట్లోకి వదలడం, ముఖ్యంగా పసిపిల్లలున్న ఇంట్లో, ఎంతమాత్రం తగదు. కనుక పని పెరట్లో పెట్టించి, చెక్కను తడుపుతూ గరుకు కాగితం పట్టించి, రాలిన ముద్దను గోనె మీద పోగు చేయించి పారవేయించాను. కాస్టిక్ సోడా నీళ్లు పోస్తే రంగు తొందరగా ఊడుతుందని పనివారు చెబుతారు, అది నిజమే. కానీ ఆ నీళ్లు టేకును నల్లబరుస్తాయి, నారను పైకి లేపుతాయి, అతుకుల్లోని పాత బంకను కూడా కరిగిస్తాయి. పాత సామానులో వాడిన బంక పశువుల తోలు, ఎముకల నుంచి తీసినది కావడం వల్ల అది వేడినీటికే మెత్తబడుతుంది. ఊగుతున్న అతుకును విడదీయాల్సి వచ్చినప్పుడు ఇదే గుణం వరంగా మారుతుంది. వేడినీటి గుడ్డ కొంతసేపు ఉంచితే చాలు, సుత్తి దెబ్బ అక్కర లేకుండానే అతుకు వదులుతుంది.

తలుపుల నడిమి పలకల విషయంలో వడ్రంగితో నాకు కాస్త వాదన జరిగింది. పలక గాడిలో కదులుతోంది కనుక బంక పెట్టి బిగించేస్తానని ఆయన అన్నాడు. చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం వానాకాలంలో ఉబ్బి, వేసవిలో కుంచించుకుపోతుంది. ఆ కదలికకు చోటివ్వడానికే పాతకాలపు పనివాళ్లు పలకను గాడిలో వదులుగా వదిలారు. బంకతో బిగిస్తే ఏదో ఒక వేసవిలో పలక నిలువునా చీలుతుంది. చివరికి బంక లేకుండానే అమర్చాడు. పలక అంచులకు గాడిలో దూర్చకముందే రంగు పూయించడం ఆయన ఆలోచనే, అది నాకు తట్టని విషయం. ఇప్పుడు మే నెలలో పలక కుంచించుకున్నా అంచు వెంట పాత చెక్క గీతలా బయటపడడం లేదు. చట్రం అతుకుల దగ్గర మాత్రం రంగులో వెంట్రుకంత పగులు వచ్చింది. దానికి లప్పం పెట్టించలేదు, పెట్టినా మరుసటి వేసవిలో మళ్లీ పగులుతుంది.

టేకు మీద లేతరంగు వేసేవారు తప్పక తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. టేకులోని సహజ నూనెలు ఎనామిల్‌ను త్వరగా ఆరనివ్వవు, టేకులోని గోధుమరంగు పదార్థాలు తెలుపులోంచి పైకి ఊరి మరకలు తెస్తాయి. మైనం తీసిన లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి ముందుగా ఒక పలచని పొర పూస్తే ఈ రెండింటినీ అది అడ్డుకుంటుంది. పోల్చి చూడాలని, కంటికి కనిపించని వెనుకవైపు టేకు పట్టీ ఒకదానికి లక్క లేకుండా నేరుగా నీటి ఎనామిల్ వేయించాను. మొదటి వానాకాలంలోనే ఆ పట్టీ మీద టీ ఒలికినట్టు మరకలు తేలాయి. లక్క వేసిన చోట ఇప్పటికీ ఒక్క మరకా లేదు.

సింథటిక్ ఎనామిల్ గట్టితనం విషయంలో నాకు ఫిర్యాదు లేదు. తడిగుడ్డతో తుడిచినా, పిల్లల జిడ్డు చేతులు తగిలినా తట్టుకుంది. దాని లోపం పసుపెక్కడం, అదీ అనుకున్న చోట జరగలేదు. వెలుతురు తగిలే బయటివైపు కొద్దిగా మాత్రమే మారింది, ఎప్పుడూ మూసి ఉండే తలుపుల లోపలివైపు మాత్రం బాగా పసుపెక్కింది. నూనె ఆధారంగా తయారైన ఎనామిళ్ల స్వభావం అదే: చీకటిలో పసుపెక్కుతాయి, వెలుతురు ఆ పసుపును కొంత విరిచేస్తుంది. తలుపులను కొన్ని రోజులు బార్లా తెరిచి ఉంచితే తేడా కంటికి కనిపిస్తుంది. ఈ మార్పు నచ్చనివారు స్వచ్ఛమైన తెలుపు జోలికి వెళ్లకుండా కాస్త ముదురు ఛాయ ఎంచుకోవడం మేలు.

వాసన తక్కువనీ, పసుపెక్కదనీ అరలకు నీటి ఎనామిల్ ఎంచుకున్నాను. ఆ రెండు మాటలూ నిలబడ్డాయి. కానీ ఈ రకం రంగు పైకి కొన్ని గంటల్లో ఆరినట్టున్నా లోపల పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది, ఆ తరువాత కూడా ఉక్కపోత రోజుల్లో బరువు మోపిన చోట కాస్త అంటుకుంటుంది. స్టీలు డబ్బాలు ఎత్తినప్పుడు చిన్న చప్పుడుతో ఊడి వస్తాయి. నున్నటి అట్టలున్న పుస్తకాలైతే రంగును కొంత పెకలించుకుని మరీ వస్తాయి. మన ఇళ్లలో అరల మీద పరిచే ప్లాస్టిక్ షీటు దీనికి అన్నిటికంటే పెద్ద శత్రువు, ఎందుకంటే ఆ షీటును మెత్తగా ఉంచే పదార్థం రంగులోకి దిగి దాన్ని శాశ్వతంగా మెత్తబరుస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు పాత నూలు చీర ముక్కలు పరిచి వాడుతున్నాము, బట్టలకైతే ఏ ఇబ్బందీ లేదు. పుస్తకాలకో, సామాన్లకో బీరువాను వాడేవారికి అరలకు ఈ రంగు సూచించను.

నాకు అన్నిటికంటే నచ్చింది, బలహీనమైనదని అందరూ తీసిపారేసే లక్క పాలిష్. లీటరు స్పిరిట్‌కు సుమారు 150 గ్రాముల లక్క చొప్పున కరిగించి, నూలు గుడ్డతో పలచని పొరలుగా రుద్దించిన పై పలక మీద వేడి గిన్నె పెడితే తెల్లని వలయం పడిన మాట నిజం. అయితే కొత్త లక్క పాత లక్కను కరిగించుకుని దానిలో కలిసిపోతుంది. అందువల్ల మచ్చ పడిన చోటు మాత్రమే స్పిరిట్ గుడ్డతో సరిచేసి, పైన ఒక పొర రుద్దితే పని అయిపోతుంది. ఇది నేనే చేసుకుంటున్నాను. మా భోజనాల బల్లకున్న పీయూ (పాలీయూరిథేన్) పాలిష్ వేడినీ నీటినీ బాగా ఓర్చుకుంటుంది, కానీ ఒక గీత పడితే అతుకు వేయడం కుదరదు, మొత్తం పై పలకను గీకించి మళ్లీ పూయించాలి. కనుక వంటింటి బల్లకు పీయూ సరే, పడకగది బీరువాకు లక్క చాలు.

సొరుగుల పక్కలకు రంగు వేయిస్తే వానాకాలంలో అవి బయటికి రావు. కొవ్వొత్తి మైనం రుద్దితే సరిపోతుంది. ఇత్తడి బందులు పాతవే ఉంచాను.

ఖర్చులో రంగు డబ్బాల వాటా చాలా తక్కువ, దాదాపు అంతా పాత రంగు తీసిన కూలికే పోయింది. చట్రం గట్టిగా ఉన్న టేకు సామానైతేనే ఈ పని గిట్టుబాటు అవుతుంది. చట్రం కూడా పుచ్చిపోయి ఉంటే ఎంత మంచి రంగు వేయించినా లాభం లేదు.

పిడి చుట్టూ తాళాలు, ఉంగరాలు తగిలి ఎనామిల్ రాలడం మామూలే కాబట్టి, మిగిలిన రంగును చిన్న గాజు సీసాలో గాలి మిగలకుండా నిండుగా పోసి, మూత బిగించి దాచుకోవాలి. సగం ఖాళీగా ఉన్న డబ్బాలో రంగు పైన తోలు కడుతుంది. తలుపు ఈపాటికి కొద్దిగా పసుపెక్కి ఉంటుంది కనుక దాచిన రంగును రాలిన చోట మాత్రమే పూస్తే తెల్లని మచ్చలా కనిపిస్తుంది. పిడి ఉన్న నిలువు పట్టీకి పై అతుకు నుంచి కింది అతుకు దాకా పూర్తిగా పూస్తే ఆ తేడా అతుకు గీత దగ్గర ఆగి, కంటికి ఆనదు.