మాంటిస్సోరి కిట్ ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. మాంటిస్సోరి అంటే పిల్లలు వస్తువులు చేత్తో పట్టుకుని, తమంతట తామే నేర్చుకునే పద్ధతి. ‘కంప్లీట్ మాంటిస్సోరి కిట్, 3 నుంచి 6 ఏళ్లకు, 120 యాక్టివిటీలు’ అని ఫోన్‌లో ఒక యాడ్ తెగ తిరుగుతోంది. గులాబీ రంగు డబ్బా, పక్కన చెక్క ఘనాలు పేర్చుకుంటున్న పాప. 4,499 రూపాయలు పెట్టి నేను కొన్నాను. దయచేసి మీరు కొనకండి.

మా పాపకి నాలుగున్నరేళ్లు. మంచి మాంటిస్సోరి స్కూళ్ల ఫీజులు మాకు అందేవి కావు. ఇంట్లోనే రోజుకో గంట చేయిద్దాం, ఫోన్ చూడటం కూడా తగ్గుతుంది అనుకున్నాను. క్యాష్ ఆన్ డెలివరీ లేదన్నారు. ముందే యూపీఐ చేస్తే 500 తగ్గింపు అన్నారు. నేను అక్కడే ఆగాల్సింది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది స్పిండిల్ బాక్స్. 0 నుంచి 9 వరకు అంకెలు రాసిన గళ్లుంటాయి. 1 గడిలో ఒక పుల్ల, 2 గడిలో రెండు, అలా వేసుకుంటూ పోవాలి. 0 గడి ఖాళీ. మొత్తం కలిపితే సరిగ్గా 45 పుల్లలు. 9 గడికి వచ్చేసరికి చేతిలో తొమ్మిదే మిగలాలి. ఎక్కువైనా, తక్కువైనా వెనక ఎక్కడో లెక్క తప్పిందని పిల్లకి తనంతట తనకే తెలుస్తుంది. పక్కన కూర్చుని ‘తప్పు’ అని మనం అనక్కర్లేదు. మాంటిస్సోరి పద్ధతికి ప్రాణం ఇదే. తప్పు చూపించేది టీచర్ కాదు, వస్తువు.

మాకొచ్చిన డబ్బాలో 43 పుల్లలే ఉన్నాయి. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. పాప 9 గడి దాకా వచ్చింది, చేతిలో ఏడే ఉన్నాయి. అన్నీ తీసి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఏడే. వంటింట్లోంచి నేను, ‘నెమ్మదిగా లెక్కపెట్టు తల్లీ, ఎక్కడో ఎక్కువ వేస్తున్నావు’ అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. మూడు రోజులు అలాగే ప్రయత్నించింది. నాలుగో రోజు ‘నాకు లెక్కలు రావమ్మా’ అని డబ్బా పక్కకి నెట్టేసింది. అంతకుముందు మా అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కినప్పుడల్లా పైకి లెక్కపెడుతూ ఎక్కే పిల్ల అది. ఆ తర్వాత కొన్నాళ్లు మెట్లు కూడా లెక్కపెట్టలేదు.

మా పై ఫ్లోర్‌లో మాంటిస్సోరి ట్రైనింగ్ అయిన టీచర్ ఒకావిడ ఉంటారు. డబ్బా చూపిస్తే ఆవిడ ముందు పుల్లలు లెక్కపెట్టారు. తర్వాత స్కేలు తెమ్మన్నారు.

కిట్‌లో పింక్ టవర్ అని ఒకటి ఉంటుంది, ఒకదాని మీద ఒకటి పేర్చే గులాబీ రంగు చెక్క ఘనాలు. అసలైన దాంట్లో పది ఘనాలు. చిన్నది 1 సెంటీమీటరు, పెద్దది 10, ఒక్కోదానికి సరిగ్గా ఒక సెంటీమీటరు తేడా. పది పేరిస్తే 55 సెంటీమీటర్ల ఎత్తు. యాడ్‌లో పాప పేరుస్తున్నది అదే. మాకొచ్చినదాంట్లో పెద్ద ఘనమే ఐదున్నర సెంటీమీటర్లు. రెండు ఘనాలు కొలిస్తే ఒకే సైజు. ఏది కింద, ఏది పైన అని పిల్ల తికమకపడింది అంటే పడదా మరి? తడి చేత్తో పట్టుకుంటే రంగు అరచేతికి అంటుకుంది. అన్నిటికంటే చిన్నది అర సెంటీమీటరు, శనగగింజంత కూడా లేదు. మా చిన్నోడికి ఏడాదిన్నర, కింద ఏది దొరికినా నోట్లోకే. అది తలుచుకుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్క మాట, సరైన టవర్‌లోని 1 సెంటీమీటరు ఘనం కూడా మూడేళ్లలోపు పిల్లలకి గొంతులో అడ్డుపడే సైజే. ఇంట్లో చిన్నపిల్లలుంటే అది విడిగా దాచండి.

ఉప్పు కాగితంతో చేసిన తెలుగు అక్షరాలు ఇంకా ఘోరం. పిల్లలు వేలితో దిద్దుతూ అక్షరం ఆకారాన్ని చేతికి అలవాటు చేసుకోవడానికి ఉద్దేశించినవి అవి. థ అట్ట మీద మధ్యలో చుక్క లేదు. అంటే ధ రెండుసార్లు ఇచ్చినట్టే. కాగితం కూడా చెక్క గీకే ముతక రకం, పాప వేలి చివర ఎర్రబడింది. 120 యాక్టివిటీలు అన్నది పీడీఎఫ్, రంగులు వేయడం, గీత కలపడం, అంతే.

కంపెనీవాళ్లకి మెసేజ్ పెడితే ‘డబ్బా తెరిచే వీడియో ఉందా’ అని అడిగారు. లేదన్నాను. అయితే రిటర్న్ కుదరదన్నారు. డబ్బా మీద ఐఎస్ఐ మార్కు లేదేంటి అని అడిగితే ‘ఇది బొమ్మ కాదు మేడమ్, ఎడ్యుకేషనల్ మెటీరియల్’ అని జవాబు. వాళ్ల పేజీలోనే దాన్ని ‘టాయ్స్’ కింద పెట్టారు. నేను స్క్రీన్‌షాట్ పంపాక నా నంబర్ బ్లాక్ చేశారు.

అప్పుడు 1915కి ఫోన్ చేశాను. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు. ఆర్డర్ నంబర్, పేమెంట్ రసీదు, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోలు అన్నీ ఇచ్చాను. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ రూల్స్‌లో ఉంది. మూడు వారాలకి డబ్బులు వచ్చాయి, కానీ కొరియర్ ఖర్చు 340 నేనే పెట్టుకున్నాను. 1915తో పని కాకపోతే మీ జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో కేసు వేయొచ్చు. 5 లక్షలలోపు అయితే ఫీజు ఉండదు. అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరున్న జిల్లాలోనే వేసుకోవచ్చు.

మాంటిస్సోరి అన్న పేరు చూసే నేను నమ్మాను. ఆ పేరు ఎవరి సొంతమూ కాదట, ఎవరైనా డబ్బా మీద వేసుకోవచ్చట. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పేదపిల్లల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1939లో ఆవిడ మద్రాసు అడయారుకి వచ్చి మనవాళ్లకి ట్రైనింగ్ ఇచ్చారు. యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయారు. ఆవిడ కొలిచి కొలిచి తయారుచేయించిన వస్తువుల పేరు పెట్టి ఇలాంటివి అమ్ముతుంటే కడుపు మండుతోంది.

మీరు కొనేటట్టయితే ముందు కొలతలు అడగండి. ఘనాలు ఎన్ని సెంటీమీటర్లు, పుల్లలు ఎన్ని అని రాతపూర్వకంగా తీసుకోండి. చెప్పకపోతే వదిలేయండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఆ మార్కు దగ్గర ఉండే లైసెన్స్ నంబర్‌ని ఆ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే ఎవరిదో చూపిస్తుంది. (కొండపల్లి, ఏటికొప్పాక లాంటి చేతివృత్తుల వాళ్ల బొమ్మలకి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది, మార్కు లేదని వాళ్లని అనుమానించకండి.) తయారీదారు పేరు, చిరునామా డబ్బా మీద ఉండాలి. రివ్యూలన్నీ ఒకే వారంలో, ఒకే ఫొటోతో ఉన్నాయంటే జాగ్రత్త. డబ్బా తెరిచేటప్పుడు వీడియో మాత్రం తప్పకుండా తీయండి.

నిజానికి ఇంట్లో మొదలుపెట్టాక మొదటి ఆరు నెలలకి కిట్ అవసరమే లేదని టీచర్ గారు అన్నారు. రెండు గ్లాసులు, కాసిని కందులు ఇస్తే ఒలకకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోస్తూ అరగంట కూర్చుంది మా పాప. ఉడికించిన బంగాళాదుంప తొక్క తీయడం, చొక్కా గుండీలు పెట్టడం, సాక్సులు జతలు కలపడం, అన్నీ మాంటిస్సోరి పద్ధతిలోవేనట. పుల్లలు మాత్రం మా మామయ్య గారు కొత్త చీపురులోంచి 45 కోసి, చివర్లు గీకి ఇచ్చారు.

ఆ గులాబీ డబ్బా మీ ఇంటికి ఇప్పటికే వచ్చి ఉంటే, పిల్లల చేతికి ఇచ్చే ముందు పుల్లలు లెక్కపెట్టండి. ఒకవేళ మీ పిల్లలు ఇప్పటికే వాటితో లెక్క పెట్టి తప్పిందని బాధపడి ఉంటే, తప్పు డబ్బాదని వాళ్లకి ఈరోజే చెప్పండి.