మహిళా జైలు సిబ్బందికి ట్రామా అవగాహన శిక్షణ: మూడు రోజుల కోర్సుపై సమీక్ష

మహిళా జైలులో కౌన్సెలర్‌గా పదేళ్ళకు పైగా పనిచేస్తున్న నేను, మా వార్డర్లు, నర్సులు, కార్యాలయ సిబ్బంది కలిసి మొత్తం 18 మందితో ఇటీవల ట్రామాపై, అంటే గతంలో అనుభవించిన హింస మనసులో, శరీరంలో మిగిల్చే గాయంపై, అవగాహన కల్పించే మూడు రోజుల శిక్షణకు హాజరయ్యాను. ఈ కోర్సును తమ జైలుకు తెప్పించుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న అధికారులకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. తప్పకుండా తెప్పించుకోండి, కానీ రెండో రోజు కార్యక్రమాన్ని మార్చమని ముందే అడగండి అన్నది నా అభిప్రాయం.

జైలుకు వచ్చే స్త్రీలలో చాలామంది చిన్నతనంలోనో, కాపురంలోనో, బయటివాళ్ళ చేతుల్లోనో హింసను అనుభవించినవారేనని అనేక దేశాల పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చెబుతూనే ఉన్నాయి. బయటినుంచి తాళం పడే తలుపు, గట్టిగా అరిచే గొంతు, ఒంటిమీద పడే పరాయి చెయ్యి, ఎవరో చూస్తుండగా బట్టలు విప్పవలసి రావడం, ఇవన్నీ మనకు రోజువారీ డ్యూటీలో భాగం అయితే, ఆమె శరీరానికి పాత గాయం తిరిగి రేగడం. అటువంటి క్షణంలో మనిషి తిరగబడుతుంది, పారిపోవాలని చూస్తుంది, లేదా పిలిచినా పలకకుండా బిగుసుకుపోతుంది. దాన్ని మనం మొండితనం అనుకుని రిపోర్టు రాస్తాం, రిపోర్టు వల్ల ఆమెను ఒంటరి గదిలో పెడతారు, ఒంటరి గదిలో గాయం ఇంకా ముదురుతుంది. ఈ గొలుసును మొదటి గంటలోనే, ఎవరినీ నిందించకుండా, స్పష్టంగా వివరించిన తీరు నాకు నచ్చింది.

ఈ కోర్సులో అన్నిటికన్నా విలువైనది మొదటి రోజు మధ్యాహ్నం జరిగిన సోదా అభ్యాసం. ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒకరు సోదా చేసేవారుగా, మరొకరు చేయించుకునేవారుగా నిలబడ్డాం. మొదటిసారి మేము రోజూ చేసే పద్ధతిలోనే, మాట లేకుండా, త్వరత్వరగా, పై బట్టల మీదనే చేశాం. రెండోసారి ప్రతి కదలికకు ముందు అది ఏమిటో చెప్పి చేయమన్నారు: "ఇప్పుడు మీ కుడి భుజం మీద చెయ్యి వేస్తాను, తరువాత వెనక్కి వస్తాను, వచ్చే ముందు చెబుతాను." మొదటిసారి నా వెనుక అడుగుల చప్పుడు వినబడగానే నేను ఊపిరి బిగబట్టానని, రెండోసారి చేసి ముగించేవరకూ నాకే తెలియలేదు. చేసింది నాకు బాగా తెలిసిన సహోద్యోగి, చుట్టూ ఉన్నది మా వాళ్ళే, తలుపు తీసే ఉంది. అయినా శరీరం అలా స్పందించిందంటే, జైలుకు వచ్చిన మొదటి రాత్రి ఒక స్త్రీ ఏ స్థితిలో ఆ గదిలో నిలబడుతుందో నాకు అంతకు ముందు సరిగా అర్థం కాలేదని ఒప్పుకోవాలి.

ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2010 డిసెంబరులో ఆమోదించిన, మహిళా ఖైదీలతో ఎలా వ్యవహరించాలో చెప్పే బ్యాంకాక్ నియమాలు మొత్తం 70. వాటిలో 19వ నియమం సోదా సమయంలో స్త్రీల గౌరవాన్ని కాపాడాలని, తగిన శిక్షణ పొందిన మహిళా సిబ్బందే సోదా చేయాలని చెబుతుంది. 20వ నియమం బట్టలు విప్పించి చేసే సోదాల స్థానంలో స్కానింగ్ వంటి ఇతర పద్ధతులను అభివృద్ధి చేయాలంటుంది. శిక్షకులు వీటిని చదివి వదిలేయకుండా, స్కానర్ లేని చోట ఏం చేయాలో కూడా చెప్పారు. కారణం ఉంటేనే సోదా చేయడం, ఆ కారణాన్ని ఆమెకు చెప్పి రిజిస్టరులో రాయడం, తప్పనిసరి అయితే శరీరంలో సగం కప్పి ఉండగానే మిగతా సగం చూడడం, అయిపోయాక బట్టలు సర్దుకోవడానికి సమయమివ్వడం. వీటిలో ఏ ఒక్కదానికీ ఆమె గతంలో ఏం జరిగిందో మనకు తెలియనవసరం లేదు. నా దృష్టిలో ట్రామా అవగాహన అంటే ఇదే: ప్రతి స్త్రీకీ గాయం ఉండి ఉండవచ్చని ముందే అనుకుని, ఆమె కథ అడగకుండానే మన పద్ధతిని మార్చుకోవడం.

అందుకే రెండో రోజు నన్ను బాధపెట్టింది. ఉదయం అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, మన జీవితంలో అన్నిటికన్నా భయపడిన సంఘటనను చెప్పమన్నారు. ముందుగా హెచ్చరించలేదు, వద్దనుకుంటే మానుకోవచ్చని చెప్పలేదు. మాలో ఒక వార్డరు సగంలో ఆగిపోయి బయటికి వెళ్ళిపోయింది, మధ్యాహ్నం వరకు తిరిగి రాలేదు, ఆమె వెంట వెళ్ళినది శిక్షకులు కాదు, మా నర్సు. మొదటి రోజంతా ఎంపిక గురించి, నమ్మకం గురించి మాట్లాడినవారు ఇలా చేయడం చిన్న పొరపాటు కాదు. బ్యాంకాక్ నియమాల్లో 8వది, వైద్య విషయాల గోప్యత హక్కుతోపాటు, తన పునరుత్పత్తి ఆరోగ్య చరిత్రను చెప్పకుండా ఉండే హక్కును కూడా ఖైదీకి ఇస్తుంది. ఆమెకు ఇచ్చిన ఆ గౌరవం ఆమెను కాపాడే ఉద్యోగికీ దక్కాలి. సాయంత్రం ఈ సంగతి చెప్పినప్పుడు శిక్షకులు విన్నారు, క్షమాపణ అడిగారు, కానీ అప్పటికే ఒక పూట గడిచిపోయింది.

స్త్రీల అవసరాలకు తగిన నిర్వహణ అనే భాగానికి మాత్రం ఇచ్చిన సమయం చాలా తక్కువ. ప్రపంచంలోని ఖైదీలలో స్త్రీలు దాదాపు 7 శాతమే కావడంతో భవనాలు, నియమాలు, ఖైదీల ప్రమాద స్థాయిని కొలిచే ఫారాలు అన్నీ పురుషులను దృష్టిలో పెట్టుకునే తయారయ్యాయి. ఆ ఫారంతో కొలిస్తే అంతగా ప్రమాదం లేని స్త్రీ కూడా అవసరానికి మించిన కట్టుదిట్టంలోకి వెళుతుంది. 41వ నియమం సరిగ్గా దీని గురించే చెబుతుంది, దానికి దక్కింది ఒక్క స్లైడు. శిక్షగా కుటుంబంతో, ముఖ్యంగా పిల్లలతో, సంబంధాన్ని తెంచకూడదన్న 23వ నియమంపై పావుగంట కూడా చర్చ జరగలేదు. తప్పు చేస్తే ములాఖత్ ఆపేయడం సహజమని నమ్మే సిబ్బంది ఎదుట ఇది ఒక పూట మాట్లాడవలసిన విషయం. తల్లి జైలుకు వచ్చిన రోజు ఇంట్లో పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారో కనుక్కుని, ఆ ఏర్పాటు చేసుకోవడానికి ఆమెకు అవకాశం ఇవ్వడం కూడా 2, 3 నియమాల్లోనే ఉంది. నెలసరి బట్టలను ఉచితంగా అందించడం గురించి, ప్రసవ సమయంలో సంకెళ్ళు వేయకూడదనడం గురించి తగినంత చెప్పారు.

మూడో రోజు మళ్ళీ గాడిన పడింది. రాత్రిపూట ఖైదీల లెక్క ఎలా తీస్తామో మాచేతనే చెప్పించి, ఒక్కొక్క అడుగూ విడదీసి చూపించారు. టార్చిలైటు ముఖం మీద కాకుండా నేల మీదికి వేయవచ్చని, తలుపు తెరిచే ముందు పేరు పెట్టి పిలవవచ్చని, తాళాల గుత్తిని చేతితో అదిమిపట్టి నడవవచ్చని మాలో మేమే కనుక్కున్నాం. వీటికి అదనపు ఖర్చు లేదు, కొత్త ఉత్తర్వులు అవసరం లేదు. అయితే రాత్రి డ్యూటీలో ఒక్క మహిళా వార్డరే ఉన్నప్పుడు సోదా నియమాలు ఎలా పాటించాలన్న మా ప్రశ్నకు వారి దగ్గర సమాధానం లేదు. అది డ్యూటీ చార్టు వేసే అధికారి కూర్చుని వినవలసిన ప్రశ్న, ఆ అధికారి శిక్షణకు రాలేదు. మీరు ఈ కోర్సు పెట్టించుకుంటే సూపరింటెండెంటును కూడా మూడు రోజులూ కూర్చోమని అడగండి.

కోర్సు ధరలోనే భాగంగా రెండు నెలల తరువాత ఒక రోజు పరిశీలనకు వస్తామన్నారు, వచ్చారు. మా అభిప్రాయాలు అడగకుండా నేరుగా సోదా రిజిస్టరు తెప్పించుకున్నారు. కారణం రాయవలసిన చోట చాలా వరుసల్లో "మామూలు సోదా" అని మాత్రమే ఉంది. మామూలు అంటే ఏమిటి, ఆ రోజు ఆమెను ఎందుకు ఆపారు, కారణం దొరకనప్పుడు ఆ సోదా చేయకుండా ఉండవచ్చు కదా అని ఒక్కొక్క వరుసను పట్టుకుని గంటన్నరసేపు మాతో కూర్చున్నారు. ఇప్పుడు ఆ గడిలో మా వార్డర్లు పూర్తి వాక్యం రాస్తున్నారు, రాయడానికి ఏమీ లేదనిపించిన రోజున సోదా మానేస్తున్నారు.