వేరు మట్టిలో పెంచాలా, ఫ్లాస్కులోనా?

కడియంలో నర్సరీ ఉన్న మా బాబాయి మొన్న అడిగాడు: "ల్యాబ్‌లో చిన్న ముక్క నుంచి పెంచిన టిష్యూ కల్చర్ అరటి మొక్కలు అమ్ముతున్నాం కదరా, అశ్వగంధ వేర్లు కూడా అలా సీసాల్లో పెంచితే?"

అడగడంలో తప్పులేదు. మన వరిచేలల బంకమట్టిలో అశ్వగంధ కుదరదు. నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది.

ల్యాబ్‌లో దారులు రెండు. ఆక్సిన్ హార్మోన్ ఇచ్చి ఆకు ముక్కకు వేర్లు పుట్టించడం ఒకటి. కొరియాలో జిన్సెంగ్ వేర్లను ఇలాగే పెద్ద ట్యాంకుల్లో పెంచుతారు. రెండోది హెయిరీ రూట్. అగ్రోబాక్టీరియం రైజోజీన్స్ అనే మట్టి బాక్టీరియాను ఆకు గాయానికి అంటిస్తే, తన డీఎన్ఏ ముక్కొకటి మొక్క కణంలోకి ఎక్కిస్తుంది. అక్కడ పుట్టిన వేర్లు హార్మోన్ లేకుండానే గుబురుగా పెరుగుతాయి. తర్వాత యాంటీబయాటిక్‌తో బాక్టీరియాను వదిలించాలి.

రెండింట్లో నా ఓటు హెయిరీ రూట్‌కే. పొలంలో అశ్వగంధకు 5, 6 నెలలు పడితే ఫ్లాస్కులో 4 నుంచి 6 వారాలు చాలు. కానీ పది వేర్లు పుడితే పదీ ఒకలా ఉండవు. ఒకటి జోరుగా పెరుగుతుంది గానీ అందులో మందు పదార్థం ఉండదు. మంచి వేరును ఏరడానికే నెలలు పోతాయి. పెద్ద ట్యాంకులోకి మారిస్తే వేర్లు చిక్కుపడి ఉండకడతాయి, లోపలికి గాలి అందదు. ఇక బూజు సంగతి: నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో వారం తిరక్కుండా బ్యాచ్ మొత్తం పారబోశాను. పైగా ఇదంతా కరెంటు మీద నడిచే పని, తుఫాను రోజుల్లో మన కరెంటు సంగతి చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు అమ్మకంలో ఉంది. అశ్వగంధ కొనేవాళ్ళు లావుపాటి ఎండు వేరు చూసి తూకానికి కొంటారు. ఫ్లాస్కులో వచ్చేది దారాల్లాంటి వేరు, అందులో నూటికి తొంభై పాళ్ళు నీరే. బాబాయికి ఇది గిట్టుబాటు కాదు.

సర్పగంధ అయితే వేరే మాట. పొలంలో వేరు ముదరడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, తవ్వితే మొక్కే పోతుంది. అడవుల్లోంచి అతిగా తవ్వడం వల్ల అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షలు కూడా వచ్చాయి. అక్కడ కావలసింది వేరు కాదు, 1952లో దాన్నుంచి విడదీసిన, రక్తపోటుకు మందుగా వాడిన రిసర్పిన్ లాంటి పదార్థం. అలాంటి చోట ల్యాబ్ ఖర్చుకు అర్థం ఉంటుంది, అదీ కంపెనీకి.

బాబాయికి వట్టివేరు చెప్పాను. నీళ్ళు నిలిచినా తట్టుకుంటుంది, గోదావరి లంకల ఇసుక నేలల్లో తవ్వడం తేలిక, ఏడాది ఏడాదిన్నరలో వేరు చేతికొస్తుంది. పిలకలు సంచుల్లో పెట్టి అమ్మడం ఎలాగూ ఆయనకు చేతనైన పనే.