బ్రాడీపేటలో అమ్ముతున్న ‘అంతర్జాతీయ లైబ్రరీ సభ్యత్వం’ కొనకండి

గుంటూరు, విజయవాడల్లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, ఎంటెక్ ప్రాజెక్టు రాస్తున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. బ్రాడీపేటలో థీసిస్‌లు టైపు చేసి బైండింగ్ చేసే ఆ షాపు ఏదో మీకు చెప్పనక్కరలేదు. అక్కడి యజమాని ఇప్పుడు విదేశీ పరిశోధన పత్రికలన్నీ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చంటూ ఏడాదికి 6,500 రూపాయలకు సభ్యత్వం అమ్ముతున్నాడు. నేను కొన్నాను. కొన్ని వారాలకే అది ఆగిపోయింది. నిన్న సాయంత్రం అడగడానికి వెళితే బెదిరించి పంపాడు. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

నా పరిశోధన ఎండు మిరపలో అఫ్లాటాక్సిన్ మీద. సరిగా ఆరని కాయకు బూజు పట్టి చేరే విషం అది. ఐరోపా సమాఖ్య మిరపలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు దాటితే ఒప్పుకోదు. దీని మీద పని విదేశాల్లోనూ చాలా జరిగింది. ఆ వ్యాసాలు చదవకుండా నా పని ముందుకు సాగదు. ఒక్కో వ్యాసానికి 30, 40 డాలర్లు అడుగుతారు. నేను పాఠాలు చెప్పే ప్రైవేటు కళాశాలలో ఆ పత్రికలు లేవు.

షాపులో ఇచ్చిన కరపత్రం మీద ఐక్యరాజ్య సమితి గుర్తు వేసి ఉంది. కింద ‘రీసెర్చ్‌ఫర్‌లైఫ్ సభ్యత్వం’ అని. పేద దేశాల కోసం పెట్టిన పథకమని, తన దగ్గర కొద్ది సభ్యత్వాలే మిగిలాయని చెప్పాడు.

రీసెర్చ్‌ఫర్‌లైఫ్ నిజమైన పథకమే. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హినారీ పేరుతో వైద్య పత్రికలు అందించడంతో దానికి పునాది పడింది. మరుసటి ఏడాది ఆహార, వ్యవసాయ సంస్థ వ్యవసాయ పత్రికల కోసం అగోరా తెచ్చింది. ఆదాయం తక్కువగా ఉన్న దేశాల్లోని విశ్వవిద్యాలయాలకు, ఆసుపత్రులకు, పరిశోధన సంస్థలకు ఉచితంగానో, తక్కువ రుసుముకో ఇస్తారు. వ్యక్తులకు అమ్మరు. పైగా అర్హత ఉన్న దేశాల్లో మన దేశం లేనే లేదు. అంటే గుంటూరులో ఆ పేరుతో ఎవరు ఏది అమ్మినా అది పచ్చి అబద్ధం.

మరి అతను నాకు ఇచ్చింది ఏమిటి? లాగిన్ కాగానే పేజీ పైన ఓ మూల విదేశీ విశ్వవిద్యాలయం పేరు, దాని పక్కనే ఒక మనిషి పేరు కనిపించేవి. మొదటిరోజే అడిగాను. అది సర్వరు పేరు, అందరికీ అలాగే వస్తుందన్నాడు. నిన్న ఆ పేజీ ప్రింటు తీసి అతని ముందు పెట్టి, ఈ పేరు ఎవరిదని అడిగాను.

“ఎవరిదైతే మీకెందుకు మేడమ్? పేపర్లు దిగాయా లేదా? ఆ పాస్‌వర్డు అయిపోయింది, ఇంకో 3,000 కట్టండి, కొత్తది ఇస్తాను.”

నా డబ్బు తిరిగి ఇవ్వమన్నాను. అతను కౌంటరు మీదున్న ఫోను తీసి, మా గైడుగారి నంబరు తెరిచి నాకు చూపించాడు. “మీ స్కాలరు దొంగ పాస్‌వర్డుతో పేపర్లు దించుకుంటోందని ఇప్పుడే చెప్పమంటారా?” అన్నాడు. ప్రూఫులు దిద్దుకోవడానికి వచ్చిన పిల్లలు నలుగురూ వింటున్నారు. బైండింగు పని కోసమని మేము నమ్మి ఇచ్చిన నంబరు అది! దొంగ సొమ్ము అమ్మినవాడు, కొన్నవాళ్లనే దొంగలని బెదిరిస్తున్నాడు.

అంటే అతను నాకు అమ్మింది ఆ పేజీలో పేరున్న మనిషి పాస్‌వర్డే. ఆ మనిషి కూడా ఎక్కడో నాలాగే చదువుకుంటున్న విద్యార్థే అయి ఉండవచ్చు. ఒకే ఖాతా నుంచి వ్యాసాలు కుప్పలుగా దిగుతుంటే ప్రచురణకర్తలు ఆ విశ్వవిద్యాలయం మొత్తానికీ పత్రికలు ఆపేయగలరు. ఇక్కడ ఒకడి సంపాదన కోసం అక్కడ వందల మంది చదువు ఆగాలా?

నాకు ఎక్కువ కోపం తెప్పించే సంగతి ఇంకొకటి ఉంది. నేను పీహెచ్‌డీకి నమోదైంది ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు 2025 నుంచి అందుతోంది. విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలను కలిపే గాంధీనగర్‌లోని కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని నడుపుతోంది. నాకు హక్కుగా రావలసిన పత్రికలవి. ఆ విశ్వవిద్యాలయం పేరును బంగారు అక్షరాలతో అట్టల మీద అచ్చువేసే మనిషికి ఈ పథకం సంగతి తెలియదంటే నేను నమ్మను. తెలిసే అమ్ముతున్నాడు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నమోదైనవాళ్లు ముందు అక్కడి గ్రంథాలయాధికారిని కలవండి. ఆ వీలు లేనివాళ్లు వ్యాసం రాసినవారికే ఈమెయిల్ పంపి ప్రతి అడగండి, చాలామంది సంతోషంగా పంపుతారు. ఇంటర్నెట్‌లో వైద్య, జీవశాస్త్ర వ్యాసాలుండే పబ్‌మెడ్ సెంట్రల్, భౌతిక, గణిత, కంప్యూటర్ శాస్త్రాల వ్యాసాలుండే ఆర్కైవ్ (arXiv), మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లుండే శోధగంగ అందరికీ ఉచితం. గ్రంథాలయాలు ఒకదానికొకటి పుస్తకాలు, వ్యాసాలు ఇచ్చిపుచ్చుకునే డెల్‌నెట్‌లో మీ కళాశాలకు సభ్యత్వం ఉంటే వేరే గ్రంథాలయం నుంచి తెప్పించమని అడగవచ్చు.

ఇప్పటికే కట్టినవాళ్లు ఆ లాగిన్ ఇక వాడకండి. అతను రసీదు ఇవ్వడు కాబట్టి యూపీఐ చెల్లింపు వివరాలు, కరపత్రం దాచుకోండి. సైబర్ నేరాల నంబరు 1930కి నేను ఫిర్యాదు చేస్తున్నాను, మీరూ చేయండి. గైడుగారికి జరిగిందంతా ఈ ఉదయం నేనే చెప్పాను, ఇక అతను ఫోను చేసి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.