బోటు ఇంజన్ కీ స్విచ్ కిట్: స్విచ్ పాస్, వైర్లు ఫెయిల్

కర్నూలు ఆటో ఎలక్ట్రికల్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ పేరూ ఊరూ లేని ప్యాకెట్‌లో దొరికే అవుట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించే ఇంజన్) కీ స్విచ్ కిట్ గురించి ఈ రివ్యూ. లోపల ఆరు టెర్మినళ్ల కీ స్విచ్, రెండు తాళంచెవులు, తాడు లాగి క్లిప్పు ఊడితే ఇంజన్‌ను ఆపే ఎర్ర తాడు స్టాప్ స్విచ్, నాలుగు బోల్టుల 12 వోల్టుల సెల్ఫ్ రిలే (తాళం నుంచి వచ్చే చిన్న కరెంటుతో సెల్ఫ్ మోటారుకు పెద్ద కరెంటు వదిలేది), ఒక వైర్ల కట్ట ఉంటాయి. సంగమేశ్వరం వైపు శ్రీశైలం వెనక జలాల్లోనో, గండికోట, మైలవరం నీళ్లలోనో తిప్పే సెల్ఫ్ ఉన్న పెట్రోలు సీడీఐ (ప్లగ్గుకు స్పార్కు ఇప్పించే ఎలక్ట్రానిక్ పెట్టె) ఇంజన్లకు ఇది సరిపోతుంది. హ్యాండిల్ తిప్పి లేపే డీజిల్ ఇంజన్లకు దీనితో పనే లేదు. ఈఎఫ్ఐ (ఎలక్ట్రానిక్‌గా పెట్రోలు చిమ్మే) ఇంజన్లకు కంపెనీ స్విచ్చే వేయాలి.

కారు స్విచ్ చవగ్గా వస్తుంది, డ్యాష్‌బోర్డు రంధ్రంలోనూ పడుతుంది. మరి ఇదెందుకంటే, కారు స్విచ్ ఆఫ్ చేస్తే ఇగ్నిషన్‌కు పోయే కరెంటు తెగుతుంది. మ్యాగ్నెటో సీడీఐకి బ్యాటరీ కరెంటు అక్కర్లేదు, ఫ్లైవీల్ కింది కాయిలే దానికి కరెంటు పుట్టిస్తుంది. ఇంజన్ ఆగాలంటే స్టాప్ వైరు ఎర్త్‌కు తగలాలి. కారు స్విచ్‌లో ఆ ఏర్పాటు ఉండదు. ‘ఆన్ చేస్తే కరెంటు రావాల గదా’ అని ఆ వైరును ఆన్ టెర్మినల్‌కు బిగిస్తే 12 వోల్టులు సీడీఐలోకి పోతాయి, అది కాలిపోతుంది. స్విచ్‌లో మిగిలిన డబ్బుకు ఎన్నో రెట్లు సీడీఐకి పెట్టాల్సి వస్తుంది.

ఈ కిట్ స్విచ్‌లో ఎం అని రాసిన టెర్మినళ్లు రెండున్నాయి, ఒకటి స్టాప్ వైరుకు, ఇంకొకటి ఎర్త్‌కు. బిగించే ముందు మీటర్‌ను బీప్‌లో పెట్టి చూడండి. ఆఫ్‌లో రెండు ఎంల మధ్య మోగాలి, ఆన్‌లో మోగకూడదు. ఆన్‌లో బీ (బ్యాటరీ), ఏ (ఆన్‌లో వచ్చే కరెంటు) మధ్య మోగాలి. తాళం పూర్తిగా తిప్పితేనే బీ, ఎస్ (సెల్ఫ్) మధ్య మోగాలి, వదిలితే ఆగాలి. తాళాన్ని లోపలికి నొక్కితే బీ, సీ కలుస్తాయి, అది చోక్‌కు. ఈ పరీక్షలో స్విచ్‌కు వంక పెట్టడానికేమీ లేదు. తాళం తిరిగి వచ్చే స్ప్రింగు కూడా గట్టిగానే ఉంది.

యమహా ఇంజన్లలో ఎరుపు బ్యాటరీకి, పసుపు ఆన్‌లో వచ్చే కరెంటుకు, గోధుమ రంగు సెల్ఫ్‌కు, తెలుపు స్టాప్‌కు, నీలం చోక్‌కు, నలుపు ఎర్త్‌కు. కిట్ వైర్ల రంగులు ఇలాగే ఉంటాయని నమ్మొద్దు. ప్రతి వైరునూ రెండు కొసలా మీటరుతో సరిచూసి చీటీ అంటించండి.

ఇక వైర్ల సంగతి. కొసను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడింది. అంటే రాగి పూత పూసిన అల్యూమినియం. ఇది రాగి కంటే కరెంటుకు ఎక్కువ అడ్డుపడుతుంది, లగ్గు (వైరు కొసకు బిగించే లోహపు ముక్క) దగ్గర తొందరగా విరుగుతుంది. ఆ కట్టను పక్కన పడేసి ఆటో వైరు కొనండి. బీకి పోయే ఎరుపుకు రెండున్నర స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు), మిగతావాటికి ఒకటిన్నర స్క్వేర్ చాలు. తగరం పూత వైరు దొరికితే ఇంకా మంచిది. లగ్గులు క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు వేయాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కి టేపు చుడితే లోపలికి చెమ్మ దూరి పచ్చటి చిలుము పడుతుంది. బీ వైరుకు బ్యాటరీ దగ్గరే 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. కిట్‌లో ఫ్యూజు ఇవ్వకపోవడం పెద్ద లోటు.

రిలే పరవాలేదు. పెద్ద బోల్టులు రెండూ బ్యాటరీకి, సెల్ఫ్ మోటారుకు. చిన్నవాటిలో ఒకదానికి గోధుమ వైరు, రెండోదానికి ఎర్త్. బాడీ నుంచే ఎర్త్ వస్తుందనుకుని రెండోదాన్ని ఖాళీగా వదిలితే ‘టక్’ మనదు, పాపం రిలేను తిడతారు.

అసలు ఈ కిట్ కొనే ముందు స్విచ్చే పోయిందా అని తేల్చుకోండి. చాలాసార్లు దోషం బ్యాటరీలోనో జాయింట్లలోనో ఉంటుంది. ఎండాకాలం నీళ్లు తగ్గి బోట్లు ఒడ్డున పడి ఉన్నప్పుడు, మన ఎండలకు బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. నిండుగా ఛార్జయిన బ్యాటరీ నిలకడగా 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే దిగితే ముందు బ్యాటరీ సంగతి చూడండి.

బ్యాటరీ బాగుండి సెల్ఫ్ నీరసంగా తిరిగితే, కొడుతుండగానే మీటర్ ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్‌పై, నల్ల ముల్లు సెల్ఫ్ మోటారు బోల్టుపై పెట్టండి. అర వోల్టు దాటితే ఆ దారిలో కేబులో, లగ్గో, రిలే పాయింట్లో చెడ్డాయి. బ్యాటరీ మైనస్‌కు, ఇంజన్ బ్లాకుకు మధ్య 0.3 దాటితే ఎర్త్ లూజు. ఒకసారికి పది సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో రెండు నిమిషాలు ఆపండి.

రిలే అసలు ‘టక్’ మనకపోతే గేర్ లివర్‌ను న్యూట్రల్ దగ్గర కొద్దిగా కదుపుతూ తాళం తిప్పండి. అందుకుందంటే న్యూట్రల్ స్విచ్ (గేరులో ఉంటే సెల్ఫ్ తిరగనివ్వనిది) సర్దుబాటు తప్పింది. అందుకోకపోతే తాళం తిప్పి పట్టుకుని ఎస్ దగ్గర 12 వోల్టులు చూడండి. బీ దగ్గర ఉండి ఎస్‌కు రాకపోతే ఈ స్విచ్ కొనాలి.

సెల్ఫ్ తిరుగుతూ స్పార్కు లేకపోతే, ఇంజన్ వైపు ప్లగ్గులో తెల్ల వైరును విడదీసి మళ్లీ చూడండి. స్పార్కు వస్తే తప్పు కీ స్విచ్‌లోనో, స్టాప్ తాడు స్విచ్‌లోనో, మధ్య వైరులోనో. రాకపోతే కాయిల్, సీడీఐ వైపు వెళ్లాలి, కిట్ దండగ. ఆ వైరు విడిగా ఉండగా ఇంజన్ అందుకుంటే తాళంతో ఆగదు. చోక్ లాగో, పెట్రోలు పైపు తీసో ఆపాలి. ఒడ్డున పరీక్షిస్తే లెగ్గును (ఇంజన్ కింద నీళ్లలో మునిగే భాగాన్ని) నీళ్ల డ్రమ్ములో ఉంచండి, లేదంటే నీళ్ల పంపులోని ఇంపెల్లర్ (రెక్కల చక్రం) పోతుంది.

స్టాప్ తాడు స్విచ్ పని చేస్తుంది గానీ క్లిప్పు ప్లాస్టిక్ పలచన, ఎండకు పెళుసై విరిగేలా ఉంది. క్లిప్పు లేకపోతే సెల్ఫ్ తిరిగినా స్పార్కు రాదు, ఏటి మధ్యలో అదే పెద్ద తలనొప్పి. దుకాణంలో రెండో క్లిప్పు కూడా అడిగి తీసుకోండి.